ముప్పై సార్లు ఉతికిన ఇంగువ గుడ్డ

మొన్న స్టాఫ్ రూములో మా బాటనీ మేడమ్ నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ల చెల్లెలి భర్త పోయి మూడు నెలలైంది. ఆ పిల్ల సరిగ్గా తినదంట, ఏడవదంట, వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతుందంట, ఒళ్లంతా నొప్పులంటుందంట. "మీ నాయన పోయినప్పుడు మీ అమ్మకు ఏదో హోమియో మందు పనిచేసిందని చెప్పినావు కదా, దాని పేరేంది? తిలక్ రోడ్డులో దొరుకుతాదా?" అని అడిగింది.

పేరు చెప్పడం ఎంతసేపు. ఇగ్నేషియా అన్నాను. అటెండెన్సు రిజిస్టరు వెనక చించిన చీటీ మీద రాసుకుంది. బెల్లు కొట్టారు, నేను క్లాసుకు పోయాను, ఆ రోజంతా ఏదో తప్పు చేసినట్టే ఉండింది. మా అమ్మ తేరుకున్న మాట నిజం. ఆమె నోట్లో వేసుకున్నది ఇగ్నేషియా అన్నదీ నిజం. దానివల్లే తేరుకుందంటే మాత్రం నేను ఒప్పుకోను. ఒప్పుకోని మందు పేరు రాసిచ్చి పంపేశాను. మేడమ్‌కు చెప్పాల్సింది వేరే ఉంది, అది ఆ చీటీలో పట్టదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇరవై ఏళ్లు దాటింది, ఒక నిర్ణీత కొలత పదార్థంలో ఎన్ని అణువులుంటాయో చెప్పే అవొగాడ్రో సంఖ్యను ఏటా జూలైలో బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. అలాంటిదాని ఇంట్లో హోమియో పెట్టె తిరుగుతుండడం మా కాలేజీలో పాత జోకు.

ఆ పెట్టె మా మామయ్యది. చిత్తూరులో ఉంటాడు, హెడ్మాస్టరుగా రిటైరైనాడు. మీ ఇళ్లలోనూ ఇలాంటి మనిషి ఒకడు ఉండే ఉంటాడు. తెలుగు వాళ్లలో పోస్టుమాస్టర్లు, లెక్కల అయ్యవార్లు, తాలూకాఫీసు గుమస్తాలు రిటైరైతే ఇద్దరిలో ఒకడు భగవద్గీత పడతాడు, ఇంకొకడు హోమియో పడతాడు. మనకు దానిమీద ఉన్న మక్కువ చిన్నది కాదు. సినిమాల్లో మనల్ని నవ్వించిన అల్లు రామలింగయ్య హోమియో వైద్యం చేసినవాడే, రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీకి ఆయన పేరే ఉంది. మాకు దగ్గర్లో కడపలో ఇంకో కాలేజీ ఉంది. అయిదున్నరేళ్లు చదివి పట్టా పుచ్చుకునే చదువది. మా మామయ్యకు ఆ పట్టా లేదు. రెండు లావుపాటి పుస్తకాలు, ఒక కొయ్యపెట్టె, ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చునే ఓపిక ఉన్నాయి. పైసా తీసుకోడు.

పెట్టె మూత తీస్తే స్పిరిటూ చక్కెరా కలిసిన వాసన గుప్పుమంటుంది. లోపల వేలెడంత సీసాలు వరసలు వరసలుగా, బెండు బిరడాల మీద మామయ్య గుండ్రటి చేతిరాత: ఆర్నికా, అకోనైట్, బ్రయోనియా, రస్ టాక్స్, పల్సటిల్లా, స్టాఫిసాగ్రియా, నక్స్. చిన్నప్పుడు వేసవి సెలవులకు పోతే మాకవి మిఠాయిలే. ఒకసారి ఎవరూ చూడకుండా ఒక సీసా మొత్తం నోట్లో పోసుకున్నాను. తెలిసి అత్తయ్య లబోదిబోమంది. నాకేమీ కాలేదు. ఆ 'ఏమీ కాకపోవడం' గురించి అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

మా నాయన 2016లో పోయాడు. రేణిగుంట నుంచి ఇంటికి వస్తూ బస్సులోనే, సీట్లో కూర్చున్నట్టే. గుండె. అమ్మ ఏడవలేదు. పదకొండో రోజు చుట్టాలావిడ ఎవరో "ఏడవ్వే, లోపలే పెట్టుకుంటే నీకే చేటు" అని భుజాలు పట్టి కుదిపింది కూడా. ఊహూ. ఆ తర్వాత మొదలయ్యాయి ఒక్కొక్కటీ. ఉండుండి బావిలోంచి తోడినట్టు నిట్టూర్పు. గొంతులో ఏదో ఉండ అడ్డం పడిందంటుంది, మంచినీళ్లు తాగితే దిగుతాయి గానీ ఉండ దిగదు. రాత్రి రెండింటికి లేచి వరండాలో కూర్చుంటుంది. మోకాళ్లు, మెడ, భుజాలు, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే.

మా తిరుపతిలోనే ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. టోకెను తీసుకుని మూడు గంటలు కూర్చున్నాం. లోపల రెండు నిమిషాలు. గ్యాసుకొకటి, బలానికొకటి, నిద్రకొకటి రాశారు. ఆ డాక్టరును తప్పు పట్టను, ఆయన గది బయట ఇంకా ఎనభై మంది ఉన్నారు. ఇదేమీ తిరుపతి గొడవ మాత్రమే కాదు. 67 దేశాల్లో డాక్టరు ఒక్కో రోగితో గడిపే సమయాన్ని లెక్కగట్టిన పరిశీలన 2017లో వచ్చింది. స్వీడన్‌లో సగటున 22 నిమిషాలు దాటింది, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మనది రెండు నిమిషాల దగ్గర. రెండు నిమిషాల్లో బీపీ చూడొచ్చు. మొగుడు బస్సులో చచ్చిపోయిన ఆడమనిషి గొంతులో ఏం అడ్డం పడిందో చూడలేరు.

రెండో శనివారం మామయ్య చిత్తూరు బస్సు దిగి వచ్చాడు. చేతిలో పెట్టె, సంకలో నోటుబుక్కు. అమ్మను హాల్లో మంచం మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీశాడు. అరవైకి దగ్గరపడుతున్న మా అమ్మ ఆయనకింకా 'పాప'నే.

"దాహం ఎట్లుంది పాపా?"

"మామూలే."

"చన్నీళ్లు తాగాలనిపిస్తాదా, వేన్నీళ్లా?"

"ఏవైనా ఒకటే."

"ఎండకు ఓర్చుకుంటావా?"

"తిరపతిలో పుట్టి ఎండకు ఓర్చుకోక యాడికి పోతాను అన్నా."

మూడు నెలల్లో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి ఎకసెక్కం అది. మామయ్య నవ్వలేదు, 'ఎండ ఓర్చుకొనును' అని రాసుకున్నాడు. హెడ్మాస్టరు గ్రాంథికం. ఎటు తిరిగి పడుకుంటావు, ఉప్పు మీద యావా తీపి మీదా, పొద్దున దిగులెక్కువా సందెపొద్దునా, ఉరుములంటే భయమా. అలా పోతూనే ఉన్నాడు.

"కలలొస్తాయా?"

"బస్సు కల వస్తాది."

"ఏం బస్సు?"

"ఆయన ఎక్కిన బస్సు. నేను స్టాపులో నిలబడుకోనుంటా. ఆపకుండా పోతాది."

ఒకే ఇంట్లో ఉంటూ ఆ కల సంగతి నాకు తెలీదు. మామయ్య అయ్యో అనలేదు, దేవుడున్నాడనలేదు. రాసుకున్నాడు. తర్వాతి ప్రశ్నకు పోయాడు.

"ఏడుపొచ్చినప్పుడు ఎవరన్నా ఓదారిస్తే తగ్గుతాదా, ఎక్కువైతాదా?"

ఈ ప్రశ్న వెనక ఆయన లెక్క ఒకటుంది. ఓదార్పు గిట్టని దుఃఖమైతే నేట్రం మూర్. అది మొక్క కూడా కాదు, మన వంటింటి ఉప్పే. నిట్టూర్పులు, గొంతులో ఉండ అయితే ఇగ్నేషియా. అవమానం మింగేసి లోపల కుతకుతలాడితే స్టాఫిసాగ్రియా. పరామర్శకొచ్చిన వాళ్లను చూస్తేనే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషికి పల్సటిల్లా. జడుసుకుని ప్రాణం పోతుందన్నట్టు వణికితే అకోనైట్. అమ్మ ఆయన పెన్ను వైపు చాలాసేపు చూసింది.

"ఓదార్చిందెవరు అన్నా?" అంది.

నేను వంటింటి గడప మీద ఉన్నాను, చేతిలో పాలగిన్నె. ఆ మూడు నెలల్లో ఆమెకు వేళకు మాత్రలేశాను, రక్త పరీక్షలు చేయించాను, నాయన పింఛను కాగితాల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగాను. ఆ ప్రశ్న ఒక్కటీ అడగలేదు. అమ్మ అప్పుడు ఏడ్చింది. మామయ్య పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మొత్తం గంటా నలభై నిమిషాలు పట్టింది. దిద్దాల్సిన పేపర్లుండి గడియారం చూసుకుంటున్నాను గనక అంత కచ్చితంగా తెలుసు.

చివర్లో ఇగ్నేషియా 200 తీసి నాలుగు మాత్రలు నాలిక మీద వేశాడు. కాఫీ అరగంట ఆగాల, పచ్చి ఉల్లిపాయ వద్దు, కర్పూరం వాసన అసలు తగలకూడదు, మందు విరిగిపోతాది అన్నాడు. తిరుపతిలో కర్పూరం తగలకుండా బతకడం! తీర్థంలో పచ్చకర్పూరం, హారతిలో కర్పూరం. అసలు కొండ మీద స్వామి గడ్డానికే పచ్చకర్పూరం. భక్తుడు అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి గడ్డం చిట్లి రక్తమొస్తే నొప్పికి అదే అద్దారని కథ, ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూడొచ్చు. మా మామయ్య గనక ఆవేళ అక్కడుండి ఉంటే దెబ్బలకు వేసే ఆర్నికా ఇచ్చేవాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు రెండో శనివారం తప్పకుండా వచ్చాడు, అదే నోటుబుక్కు తీసి మళ్లీ అడిగేవాడు. బస్సు కల వస్తాందా? గొంతులో ఉండ పెరిగిందా తగ్గిందా? ఉగాదికి అమ్మ తనంతట తాను ఓలిగలు చేసింది. మెడనొప్పి మాట ఎత్తడం మానేసింది. ఇంటిల్లిపాదీ ఇగ్నేషియాకు దండం పెట్టారు.

ఇప్పుడు నా గొడవ. 'మొక్కల మందు' అనగానే మన బుర్రలో తులసి, వేప, నేల ఉసిరి మెదులుతాయి. హోమియో సీసా మీద కూడా మొక్క పేరే ఉంటుంది. ఇగ్నేషియా ఫిలిప్పీన్స్ అడవుల్లో పెరిగే తీగ గింజ. మన ముష్టి చెట్టు ఉందే, గింజ తింటే ఒళ్లు విల్లులా వంగి చస్తారని పెద్దవాళ్లు భయపెట్టేది, దానికి స్వయానా దాయాది. రెండింట్లోనూ ఉండేది స్ట్రిక్నిన్ అనే విషమే. ముష్టి గింజ నుంచి వచ్చేదే మామయ్య పెట్టెలోని నక్స్ వామికా. అకోనైట్ అంటే నాభి జాతి, అదీ మహా విషం. ఇంత విషం పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నా, సీసా మొత్తం మింగిన పిల్లకు ఏమీ కాలేదంటే కారణం సీసా మీదున్న అంకెలో ఉంది.

30 అని రాసి ఉంటే ఏమిటర్థం? మొక్క సారం ఒక చుక్క, తొంభై తొమ్మిది చుక్కల స్పిరిటులో కలిపి కుదుపుతారు. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ తొంభై తొమ్మిదింటిలో. అలా ముప్పై సార్లు. ఏటా మా పిల్లలకు ల్యాబులో పొటాషియం పర్మాంగనేటుతో ఇదే చేయించి చూపిస్తాను. మొదటిసారి పలచన చేసినప్పుడు నేరేడు రంగు ఇంకా తెలుస్తుంది. రెండోసారికి ట్యూబు వెనక తెల్లకాగితం పెట్టి కళ్లు చికిలిస్తే గులాబీ ఛాయ ఉందా లేదా అని పిల్లలు కొట్టుకుంటారు. మూడో ట్యూబు మంచినీళ్లే. పన్నెండోసారికి కథ పూర్తిగా ముగుస్తుంది, 1 పక్కన 24 సున్నాలు వచ్చేస్తాయి, 6 పక్కన 23 సున్నాల అవొగాడ్రో సంఖ్య అంతకు లోపలే ఉంది, అంటే మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. ముప్పై దాకా పోతే 1 పక్కన 60 సున్నాలు. మందు అణువు ఒక్కటంటే ఒక్కటి దొరకాలంటే భూమంత బరువుండే నీటి ముద్దలు దాదాపు 500 కోట్లు తాగాలి. మా అమ్మకిచ్చింది 30 కూడా కాదు, 200.

కాబట్టి అది మొక్కల మందు కాదు. మొక్క పేరున్న చక్కెర.

ఈ లెక్క మామయ్య ముందు ఎప్పుడో పెట్టాను. ఆయన తడుముకోలేదు. "ఇంగువ కట్టిన గుడ్డకు వాసన పోతాదా మే? ఇంగువ లేకపోయినా గుణం ఉంటాది" అన్నాడు. చాలా మంచి పోలిక. ఫ్రాన్సులో బెన్వెనిస్త్ అనే శాస్త్రవేత్త కూడా దాదాపు ఇదే చెప్పాడు, నీళ్లకు జ్ఞాపకం ఉంటుందని. 1988లో 'నేచర్' అనే పేరున్న సైన్సు పత్రికే అచ్చేసింది. ఆ వెంటనే ఆ పత్రిక సంపాదకుడు ఒక గారడీవాడిని కూడా వెంటబెట్టుకుని ఆ ల్యాబుకే పోయి, ఏ ట్యూబులో ఏముందో చేసేవాళ్లకు తెలియకుండా చేయించాడు. ఫలితం రాలేదు. ఇంగువ గుడ్డ సంగతి కూడా అంతే మామా అన్నాను, గుడ్డకు వాసన ఉందంటే నూలులో ఇంగువ ఇంకా ఇరుక్కుని ఉందని. రాతి మీద బాది బాది ముప్పై సార్లు ఉతికి చూడు. ఆయన తలాడించి, "నువ్వు కెమిస్ట్రీ, నేను తెలుగు" అని తేల్చేశాడు.

హోమియోను కనిపెట్టిన హానిమన్‌ను నేను వెక్కిరించను. 1790లో సింకోనా బెరడు తానే మింగి, జ్వరం లక్షణాలు వచ్చాయని రాసుకుని, ఏది జబ్బులాంటి బాధను తెస్తుందో అదే ఆ జబ్బును కుదురుస్తుందన్న సూత్రం పట్టుకున్నాడు. అది మలేరియాకు పనిచేసేది అందులోని క్వినైన్ వల్లనని, అది పనిచేయాలంటే తగినంత మోతాదు ఉండాలని మనకిప్పుడు తెలుసు. ఆయన 1843లో పోయాడు. అణువుల లెక్క తేలడం 1865లో మొదలైంది. ఆయన కాలంలో పెద్ద డాక్టర్లు రోగి నరం కోసి గిన్నెల కొద్దీ రక్తం తీసేవాళ్లు, పాదరసం తినిపించేవాళ్లు. వాళ్ల చేతిలో పడడం కంటే హానిమన్ చక్కెర తిని పడుకోవడమే నయం. చావకుండా లేచినవాళ్లు హోమియో గొప్పదన్నారు, వాళ్లను తప్పనలేం.

తర్వాత పరీక్షలు జరగలేదా అంటే చాలా జరిగాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అన్నింటినీ జల్లెడ పట్టి 2015లో తేల్చింది, హోమియో ఫలానా జబ్బుకు పనిచేస్తుందని నమ్మదగిన రుజువు ఒక్కదానికీ లేదని. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సేవ తమ డాక్టర్లను రాయొద్దంది. ఇవన్నీ మీరు వినే ఉంటారు, విని పక్కన పెట్టేసి ఉంటారు. ఎందుకంటే మీ ఇంట్లో ఒకరికి తగ్గింది కదా! నేనూ అలాగే పక్కన పెట్టాను.

నన్ను కదిలించింది ఇంకో పరీక్ష. 2011లో వచ్చింది, కీళ్లవాతం ఉన్నవాళ్ల మీద ఇంగ్లండులో చేసింది. పెద్దదేమీ కాదు, ఎనభై మంది చిల్లర. తెలివైనది మాత్రం. రోగుల్లో కొందరికి హోమియో డాక్టరు తీరిగ్గా కూర్చుని అన్నీ అడిగాడు, కొందరికి అడగలేదు. అడిగిన వాళ్లలోనూ కొందరికి అసలు మాత్రలు, కొందరికి ఉత్త చక్కెర. చివరికి తేలిందేమంటే అసలు మాత్రకూ ఉత్త మాత్రకూ తేడా లేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తేడా ఉంది. నొప్పులు, వాపులు అడిగినవాళ్లలో తగ్గాయి.

ఇది చదివిన రాత్రి నాకు ప్లాస్టిక్ కుర్చీ, నోటుబుక్కు, 'ఓదార్చిందెవరు అన్నా' కళ్లముందు తిరిగాయి. కొంత పని కాలమే చేసింది, దుఃఖం చాలామందికి నెలలు గడిచేకొద్దీ దానంతటదే మెత్తబడుతుంది. మిగిలింది మామయ్య చేశాడు. ఆయనకే ఆ సంగతి తెలీదు, పేరంతా సీసాకిచ్చేశాడు.

'మనోవ్యాధికి మందు లేదు' అని మనవాళ్లు ఊరికే అనేస్తారు, అనేసి లేచిపోతారు. మామయ్య లేచిపోలేదు. ఆయన చేతిలో ఆ పుస్తకం ఉండబట్టే కూర్చోగలిగాడు. మన ఇళ్లలో అన్న చెల్లెల్ని నీ మనసెట్లుంది అని అడగడం ఎక్కడైనా చూశారా? నోరు పెగలదు. కానీ మందు ఎంచడానికి అడుగుతున్నానంటే అన్నీ అడగొచ్చు, ఆమె అన్నీ చెప్పొచ్చు, ఇద్దరికీ సిగ్గుండదు. ఆ వంక విలువ నేను తక్కువ చేయను.

అయితే మరి చక్కెర మాత్రే కదా, నమ్మకంతో వేసుకుంటే పోయేదేముంది? ఈ ప్రశ్న వేసేవాళ్లకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది చిన్నది: నమ్మకానికి అబద్ధం అక్కర్లేదు. 2010లో అమెరికాలో పేగుల బాధ ఉన్న 80 మందిలో సగం మందికి 'ఇందులో మందు లేదు' అని ముఖం మీదే చెప్పి ఉత్త మాత్రలిచ్చారు, ఏమీ ఇవ్వని వాళ్లకంటే వాళ్లకు బాగా తగ్గింది. రెండో జవాబు మా అమ్మ తుంటి.

2022లో అమ్మ స్నానాల గదిలో జారింది. కుడివైపు పడింది. తనే గోడ పట్టుకుని లేచింది, కుంటుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఆసుపత్రికి పోదాం అంటే "నాకేం కాలా, బాగానే ఉండాను, ఊరికే డబ్బులు దండగ" అంది. మామయ్యకు ఫోను చేశాను. ఆయనకూ అదే చెప్పింది. ఆర్నికా పేజీలో అచ్చంగా ఇదే ఉంటుంది: దెబ్బ తగిలిన మనిషి తనకేమీ కాలేదంటాడు, వైద్యుణ్ణి పంపించేయమంటాడు. ఇంత చక్కగా కుదిరిన లక్షణం దొరికితే హోమియో మనిషికి పండగే. "ఆర్నికా 200 పాపా, కళ్లు మూసుకుని వేసుకో" అన్నాడు.

వేసింది నేనే. పర్మాంగనేటు ట్యూబుల మనిషిని, నా చేత్తోనే మాత్రలు ఆమె నాలిక మీద వేశాను, నాలుగు రోజులు. పబ్లిక్ పరీక్షల సీజను, ఆసుపత్రికి పోవడానికి తీరిక లేదు. మాత్ర నాకూ మంచి వంకే అయింది.

అయిదో రోజు పొద్దున ఆమె మంచం దిగబోయి కేక పెట్టింది. కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉంది, ఆ కాలు ఎడమదానికంటే పొట్టిగా కనిపించింది. ఎక్స్‌రేలో తొడ ఎముక తుంటి కీలు దగ్గర, దాని మెడ అనే చోట, విరిగి పక్కకు జరిగింది. విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతే ఒక్కోసారి కొన్ని రోజులు నడవగలరంట, నడిచేకొద్దీ జరిగిపోతుందంట. మొదటిరోజే వచ్చి ఉంటే స్క్రూలు బిగించి సరిపెట్టే వీలుండేదేమో, ఇప్పుడు తుంటి కీలులోని బంతి మార్చాలి అన్నారు డాక్టరు. మార్చారు. మా అమ్మ ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది.

ఆపరేషను రోజు మామయ్య పెట్టె లేకుండా వచ్చాడు. వరండా బెంచీ మీద కూర్చుని చాలాసేపు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "అన్నీ అడిగినా మే. ఎక్స్‌రే తీసినారా అని అడగలా" అన్నాడు. నేను ఆయన్ను ఏమనగలను?

'నాకేమీ కాలేదు' అనే మనిషిని ఆసుపత్రికి లాక్కెళ్లాలి. ఆ పుస్తకం అదే మాటను మాత్ర వేయడానికి గుర్తుగా చెబుతుంది. నాకు హోమియోతో ఉన్న అసలు తగువు ఇక్కడే, 60 సున్నాల దగ్గర కాదు. మనసుకు తగిలిన దెబ్బ విషయంలోనూ ఇంతే. నిద్రలేదు, తిండిలేదు, చావాలనిపిస్తోంది అనే మనిషి చెప్పేవన్నీ రాసుకుని ఒక సీసా వెతికితే, అడగడం వల్ల వచ్చిన మేలు కూడా ఆ సీసా తినేస్తుంది.

ఇక్కడ చిత్తూరు వాళ్లు ఎవరైనా పుత్తూరు కట్టు సంగతేంటని అడుగుతారు. ఎముక విరిగితే మద్రాసు నుంచి కూడా పుత్తూరుకు వస్తారు, ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు. నిజమే, చాలామందికి అతుక్కుంటుంది. నా లెక్కలో అక్కడ పనిచేసేది పసరు కంటే ఎక్కువగా వెదురు బద్ద. ఎముకను కదలకుండా పట్టి ఉంచితే అదే అతుక్కుంటుంది, పెద్దాసుపత్రి పిండికట్టు చేసేదీ అదే. బిగించి కడితే రక్తం ఆడక చెయ్యో కాలో పోగొట్టుకునే ప్రమాదం ఉండనే ఉంది. కానీ ఆ కట్టులో బద్ద అనే వస్తువు ఉంది. చేతితో పట్టుకుని చూడొచ్చు. అక్కడికి పోయేవాళ్లు ఈ రోజుల్లో ఎక్స్‌రే కూడా చేత పట్టుకునే పోతారు.

నిజంగా మొక్కే ఉన్న మందుల సంగతి వేరు, దాన్ని హోమియోతో కలపకండి. ఆర్నికా సారం దండిగా ఉన్న జెల్‌ను చేతివేళ్ల కీళ్లనొప్పులున్న 204 మంది మీద ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు జెల్‌తో పోల్చి 2007లో చూస్తే రెండూ సమానంగా నిలిచాయి. హైపెరికం ఉంది, హోమియోలో నరాలకు తగిలిన దెబ్బకు ఇస్తారు. అదే మొక్కను సారంగా, వందల మిల్లీగ్రాముల లెక్కన ఇస్తే ఒక మోస్తరు డిప్రెషనుకు పనిచేస్తుందని గట్టి పరీక్షలే చెప్పాయి. పనిచేస్తుంది కాబట్టే చెడూ చేస్తుంది: గుండె జబ్బువాళ్లు వేసుకునే రక్తం పలచబడే మందును, గర్భనిరోధక మాత్రను దెబ్బతీస్తుంది, డిప్రెషను మాత్రలతో కలిస్తే ప్రమాదం. హైపెరికం 30కి ఈ పేచీలు ఏవీ ఉండవు. ఎందుకుండవో మూడో ట్యూబు దగ్గరే తెలిసిపోయింది.

మా పిల్లల తల్లులు ఈమధ్య ఆన్‌లైన్‌లో పూల చుక్కలు కొంటున్నారు, ఈఏపీసెట్ భయానికి, నీట్ భయానికి. ఎడ్వర్డ్ బాచ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1930ల్లో తయారుచేసిన 38 రకాలు, అందులో అయిదు పూలు కలిపింది 'రెస్క్యూ రెమెడీ', షాకు తిన్న మనసుకని అమ్ముతారు. పూలను నీళ్లలో ఎండకు పెట్టో, మరిగించో, ఆ నీళ్లను బ్రాందీలో నిలవ చేస్తారు. సంగతి తెలిస్తే సగం మంది తల్లులు సీసా పారేస్తారు, మిగతా సగం మంది మొగుళ్లు తాగేస్తారు. ఆ పిల్లలకు కావాల్సింది నాకు తెలుసు, క్లాసులో రోజూ చూస్తున్నా కదా. ర్యాంకు మాట ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడే మనిషి.

బాటనీ మేడమ్‌కు నిన్న ఇదంతా చెప్పేశాను, ఇంత పొడుగ్గా కాదు. మీ చెల్లెల్ని అడగండి అన్నాను. కలలేం వస్తున్నాయో అడగండి. సమాధానం చెప్పేదాకా కూర్చోండి, మధ్యలో దేవుడి మాట తేకండి. మోకాళ్లు నిజంగానే వాచాయేమో డాక్టరుకు చూపించండి, థైరాయిడ్, రక్తం తక్కువేమో పరీక్ష చేయించండి. ఆ ఉలిక్కిపాటు, ఆ నిద్రలేమి నెలలైనా పోకపోతే మనసు డాక్టరు దగ్గరకు పోండి, అలాంటి దెబ్బలకే ప్రత్యేకంగా మాటలతో చేసే వైద్యముంది, మందులూ ఉన్నాయి. అర్ధరాత్రి భయమేస్తే 14416కు ఫోను చేయొచ్చు, టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మేడమ్ అన్నీ వింది. "సరే గానీ, ఇగ్నేషియా కూడా వేస్తే తప్పేం లేదు కదా?" అంది. వేసుకోమన్నాను. ఏం చేయను, చక్కెరకు అడ్డుపడడం నా పనా?

మామయ్య ఇంకా వస్తాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు, బస్సులో పెట్టె మోయలేడని చిన్న గుడ్డసంచీలో అయిదారు సీసాలు తెస్తాడు. ఇప్పుడు ఎవరు ఏ నొప్పి అని వచ్చినా ముందు "ఎక్స్‌రే తీసినారా? రక్తం చూపించినారా?" అంటాడు. ఆదివారం అరుగు దగ్గర కొందరు దీంతో విసుక్కుని రావడం మానేశారంట. మొన్న రెండో శనివారం అమ్మ ఎదురుగా కూర్చుని నోటుబుక్కు తీశాడు. కాలు లాగుతాందా, నిద్ర పడతాందా, బస్సు కల మళ్లీ వచ్చిందా.

"వచ్చింది అన్నా. ఈసారి ఆగింది. ఎక్కబోతే కర్ర స్టాపులో మర్చిపోయినా, దానికోసం దిగినా" అంది అమ్మ.

ఆయన రాసుకున్నాడు. నాలుగు మాత్రలు నాలిక మీద వేసి, అరగంట కాఫీ వద్దన్నాడు. అమ్మ చప్పరించి, "అమ్మాయ్, కాఫీ పెట్టు, అన్నకు కూడా" అని వంటింటికి కేకేసింది. రెండు గ్లాసులూ తెచ్చి పెట్టాను. మామయ్య గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి, వచ్చే రెండో శనివారం ఏ తేదీ పడుతుందో చూసుకుంటూ కూర్చున్నాడు, ఆమె తాగడం అయ్యేదాకా.